జాడీ మీద కాగితం పాదం

మా చెల్లెలు ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. నేను అమ్మ మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఆ వాసన తగలగానే నా అరికాళ్ళు చల్లబడ్డాయి. మోకాళ్ళ నొప్పులకి మాత్రలు మింగే వయసులో ఒక వంట వాసనకి భయపడ్డానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. నేను ఎరిగిన మొదటి పెద్ద భయానికి ఆ వాసనే ఉంది.

"అక్కా, ఇదే, కొరియా వాళ్ళ సోయా పేస్ట్. గట్‌కి చాలా మంచిదంట. ఫర్మెంట్ చేస్తారు కదా, మంచి బ్యాక్టీరియా ఉంటుంది, ప్రోటీన్ ఉంటుంది, ఈజీగా డైజెస్ట్ అవుతుంది" అని చెల్లెలు ఫోన్‌లో చూసి చదువుతోంది. "సాల్ట్ మాత్రం చాలా ఉంది. అమ్మ బీపీకి కొంచెమే వేద్దాం, ఓకే?"

అమ్మ కొన్నాళ్ళుగా ఏమీ తినడం లేదు. పెద్ద జబ్బేమీ లేదు, వయసు అంటున్నాడు డాక్టరు. చెంచా నోటి దాకా వెళ్ళగానే మొహం తిప్పేసుకుంటుంది. మాట కూడా బాగా తగ్గింది. ఇలాగే ఉంటే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పైకి అనడం లేదు. అందుకే చెల్లెలికి ఆ పాత కథ గుర్తొచ్చి, ఆఫీసు నుంచి వస్తూ ఈ డబ్బా కొనుక్కొచ్చింది. దానికి ఆ కథ నవ్వు కథగానే తెలుసు, మేమంతా దానికి అలాగే చెప్పాం. అప్పుడది అమ్మ కడుపులో ఉంది, భయపడే పని మాది.

అప్పట్లో మేము జెర్సీ సిటీలో ఒక పాత ఇటుక ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడక్కడున్న అద్దాల మేడలు అప్పుడు లేవు. నది ఒడ్డున తలుపులు ఊడిన గోదాములు, వాటి వెనక తుప్పు పట్టిన పట్టాలు ఉండేవి. నాన్న పొద్దున్నే ట్రైన్ పట్టుకుని న్యూయార్క్ ఆఫీస్‌కి వెళ్ళిపోయేవాడు. చలికాలంలో ఇల్లంతా రేడియేటర్ మీద ఆరేసిన ఉన్ని కోట్ల వాసన, దాని మీద అమ్మ పోపులో ఇంగువ వాసన. బడిలో తెలుగు పిల్లని నేనొక్కదాన్నే.

కింది అంతస్తులో కొరియా వాళ్ళుండేవారు. మొగుడూ పెళ్ళాం తెల్లారకముందే లేచి తమ కూరగాయల కొట్టుకి పోయేవారు. ఇంట్లో ముసలావిడ, నా క్లాసులోనే చదివే ఆవిడ మనవరాలు మిగిలేవారు. ముసలావిడని నేను కింద మామ్మ అనేదాన్ని. పొట్టి మనిషి, నడుం వంగినా అడుగు చకచకా పడేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను కనిపిస్తే చెంప గిల్లి ఏదో అనేది, మనవరాలు "యూ ఆర్ టూ స్కిన్నీ అంటోంది" అని చెప్పేది.

ఆ చలికాలం మొదట్లో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కింద మామ్మ పెద్ద గిన్నెలో సోయా చిక్కుళ్ళు ఉడకబెడుతోంది. వంటిల్లంతా ఆవిరి, ఉడికిన వేరుశనక్కాయల వాసన. ఆవిడ అటు తిరగగానే నేనూ ఆ పిల్లా గిన్నెలోంచి గింజలు ఎత్తుకుని, అరచేతిలో ఉప్పు అద్దుకుని, మెట్ల కింద దాక్కుని తిన్నాం. నాలుక కాలింది. అంత రుచైన దొంగతనం మళ్ళీ చేయలేదు.

కొన్ని వారాల తర్వాత అదే వంటింట్లోకి వెళ్ళి తలెత్తి చూశాను. పైకప్పు కింద వేడినీళ్ళ గొట్టానికి గోధుమరంగు ముద్దలు గడ్డితాళ్ళతో వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి ఇటుకంత ఉంది. ఒళ్ళంతా పగుళ్ళు, పగుళ్ళలో తెల్లటి బూజు, అక్కడక్కడ నీలం. నాకవి తలకాయల్లా కనిపించాయి. "ఏమిటవి?" అంటే, మొన్న మనం తిన్న గింజలేనంది ఆ పిల్ల. అవి నా పొట్టలోనూ ఇలాగే బూజు పట్టి ఉంటాయేమోనని ఆ రాత్రంతా బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో ఎవరూ లేరు.

అమ్మ వాంతులు చేసుకుంటోంది. కాఫీ వాసన పడదు, అన్నం ఉడికే వాసన పడదు, మంచినీళ్ళు కూడా నిలవవు. నాకు తెలిసినంతలో ఇది రెండోసారి. కిందటేడు కూడా ఇలాగే వాంతులయ్యాయి. తమ్ముడో చెల్లెలో వస్తారని నాతో చెప్పారు. తర్వాత ఒకరోజు అమ్మ హాస్పిటల్‌కి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. నా పాత ఉయ్యాల మాత్రం మళ్ళీ అటక మీదకి వెళ్ళిపోయింది.

అందుకే ఈసారి కాన్పుకి చాలా ముందే అమ్మమ్మ వచ్చేసింది. సూట్‌కేసు తెరవగానే ఆవకాయ నూనె, పసుపు, వడియాలు అన్నీ కలిసి ఊరి వాసన గుప్పుమంది. అమ్మ ఆ వాసనకి కూడా బాత్రూమ్‌లోకి పరిగెత్తింది. వేలంత దళసరి గాజుల్లోంచి అమ్మ చెయ్యి జారిపోతుంటే చూసి అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దవాళ్ళు వంటింట్లో మాట్లాడుకుంటుంటే నేను హోంవర్క్ చేస్తున్నట్టు నటిస్తూ వినేదాన్ని.

"ఈసారి కూడా పోతే నా పిల్ల దక్కదు బాబూ" అంది అమ్మమ్మ.

"వెయిట్ ఇంకా తగ్గితే అడ్మిట్ చేయాలన్నాడండీ డాక్టరు. ఏది నిలిస్తే అది పెట్టమన్నాడు" అన్నాడు నాన్న.

"ఏదీ నిలవడం లేదుగా! పైగా ఆ గొట్టం పక్కనుంచి వచ్చే కంపొకటి. ఏం కుళ్ళబెడుతున్నారో కింద."

మా నేల పలకలకీ రేడియేటర్ గొట్టానికీ మధ్య ఒక సందు ఉండేది. దాంట్లోంచి కింద వంట వాసనలన్నీ పైకి వచ్చేవి. నేను నమిలిన బబుల్‌గమ్ పెట్టి ఆ సందు మూశాను. వేడికి అది కరిగి కింద మామ్మ వంటింట్లోకి సాగిందని తర్వాత తెలిసింది. మర్నాడు మళ్ళీ వాసన వచ్చింది. దక్కదు అన్న మాట మాత్రం నా చెవుల్లోంచి పోలేదు. బడిలో కూర్చుని, ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఉంటుందో లేదోనని కిటికీలోంచి చూసేదాన్ని. టీచర్ పేరు పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక శనివారం పొద్దున, చెత్తసంచి పట్టుకుని నేనూ అమ్మమ్మా వెనక చెక్కమెట్లు దిగాం. కింద పెరటి గుమ్మం పక్కన, ఎండ పడే చోట, నా నడుమెత్తు మట్టిజాడీ కొత్తగా వచ్చి కూర్చుంది. దాని మెడ చుట్టూ గడ్డితాడు. తాడులో ఎర్రటి ఎండుమిరపకాయలు, బొగ్గు ముక్కలు గుచ్చి ఉన్నాయి.

అమ్మమ్మ అక్కడే ఆగిపోయింది. చెత్తసంచి చేతిలోంచి జారింది.

"ఇదేమిటే? మిరపకాయలు, బొగ్గులు..." గొంతు తగ్గించింది. "పురి చూడు. ఎదురు పురి పేనారు."

నేను తాడు చూడలేదు. జాడీ పొట్ట మీద అంటించిన తెల్ల కాగితం చూశాను. పాదం ఆకారంలో కత్తిరించారు. చిన్నది, చంటిపిల్ల పాదమంత. తలకిందులుగా ఉంది, మడమ పైకి, వేళ్ళు కిందికి. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని అమ్మమ్మే నాకు చెప్పింది. తలకిందులుగా ఉండేవాటి సంగతి చెప్పలేదు.

"అమ్మమ్మా, ఆ కాలు ఎవరిది?"

అమ్మమ్మ కాగితం చూసింది. ఆవిడ మొహంలో రంగు పోవడం నా కళ్ళతో చూశాను. "ఎదురుకాళ్ళ కాన్పు" అని గొణిగి నా చెయ్యి పట్టుకుని మెట్లన్నీ ఎక్కించింది. పైన తలుపు గడియ పెట్టాక గానీ చెయ్యి వదల్లేదు. "మీ అమ్మకి చెప్పకు. మీ నాన్నకసలు చెప్పకు, నవ్వుతాడు. ఇది నవ్వులాట కాదు. నిండు ప్రాణం మీద ఎవరో ప్రయోగం చేశారు" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మకి మిరపకాయలూ రాళ్ళుప్పూ దిగదుడిచి స్టవ్ మీద పడేసింది. ఘాటుకి ముగ్గురం దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుంటుంటే స్మోక్ అలారమ్ కీచుమంది. నాన్న కుర్చీ ఎక్కి న్యూస్ పేపరుతో విసురుతూ "అత్తయ్యగారూ, ఫైరింజన్ వస్తుందండీ!" అని అరిచాడు. ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. ఆవేళ నాకు ఒకటే ఆలోచన. మన దగ్గరా మిరపకాయలే, వాళ్ళ దగ్గరా మిరపకాయలే. ఎవరివి గెలుస్తాయి?

మరుసటి శనివారం అమ్మమ్మ విరుగుడు పని పెట్టుకుంది. నాన్న కూరగాయలకి వెళ్ళాడు, అమ్మ పడుకుంది. అమ్మమ్మ నిమ్మకాయ కోసి రెండు చెక్కలకీ కుంకుమ దట్టంగా అద్ది, పసుపునీళ్ళ చెంబు తీసుకుని మెట్లు దిగింది. నన్ను సగం మెట్ల మీద కాపలా నిలబెట్టింది. జాడీ చుట్టూ పసుపునీళ్ళు చల్లి, రెండు నిమ్మచెక్కలూ ఆ కాగితం పాదానికి ఎదురుగా పెట్టి లేచేసరికి గుమ్మం తలుపు తెరుచుకుంది.

కింద మామ్మ జాడీ వైపు చూసింది. ఎర్రగా కారుతున్న నిమ్మచెక్కలు చూసింది. కెవ్వుమని అరిచింది. అమ్మమ్మ కూడా కెవ్వుమంది. ఆవిడ ఆవిడ భాషలో, ఈవిడ ఈవిడ భాషలో, మధ్యలో జాడీ. ఇద్దరూ గుండెల మీద చేతులేసుకున్నారు. కింద మామ్మ కళ్ళల్లో కోపం కంటే భయమే ఎక్కువగా కనపడింది. అంత పెద్దావిడ మా అమ్మమ్మని చూసి భయపడుతోంటే నాకు ఇంకా భయమేసింది.

"నా పిల్ల జోలికి రావద్దని చెప్పవే దానికి!" అమ్మమ్మ నా మీద అరిచింది.

"ఏమిటమ్మా ఆ గొడవ?" పైనుంచి అమ్మ గొంతు. నైటీ మీద కోటు కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది. రెయిలింగ్ పట్టుకుని ఒక మెట్టు దిగింది. అలాగే జారి మెట్ల మీద కూలబడి, తల గోడకి ఆనించింది. కళ్ళు మూతలు పడ్డాయి.

"అయ్యో, అయ్యో, నా తల్లీ!" అమ్మమ్మ పైకి పరిగెత్తి ఒళ్ళోకి తీసుకుంది. కింద మామ్మ అరుపు ఆపేసింది. ఒక్క క్షణం అమ్మ మొహం కేసి, పల్చటి మణికట్ల కేసి చూసి, గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ఇక అయిపోయింది, ఆ తలకాయలకి చెప్పడానికి వెళ్ళింది అనుకున్నాను. మా అమ్మ చచ్చిపోతోంది అనుకున్నాను. ఆ మాట నాలో నేను పూర్తిగా అనుకోవడం అదే మొదలు.

ఆవిడ రెండు చేతుల్లో గిన్నె పట్టుకుని వచ్చింది. వెనక మనవరాలు. గిన్నెలోంచి ఆవిరి, ఆవిరిలో అదే వాసన. గోధుమరంగు నీళ్ళలో రెండు మెత్తటి బంగాళాదుంప ముక్కలున్నాయి.

"ముట్టుకోనివ్వకే!" అంది అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టి.

అమ్మ కళ్ళు తెరిచింది. వాసన పీల్చింది. అన్నం వాసనకే లేచి పరిగెత్తే మనిషి అమ్మమ్మ చెయ్యి పక్కకి తోసి, "ఇందులో నీచు ఉందేమో అడగవే" అంది నాతో.

నేను అడక్కముందే ఆ పిల్ల చెప్పింది. "ఫిష్ లేదు. మీరు తినరని, వేయకముందే గ్రాండ్‌మా తీసి తెచ్చింది. బీన్స్, సాల్ట్, వాటర్, పొటాటో. అంతే."

అమ్మ గిన్నె పెదవులకి ఆనించుకుంది. నేను ఆవిడ గొంతు చూస్తూ నిలబడ్డాను. గుటక దిగింది. ఇంకోటి దిగింది. ఇప్పుడు వాంతవుతుంది అనుకున్నాను, కాలేదు. ఇప్పుడు పడిపోతుంది అనుకున్నాను, పడలేదు. అమ్మమ్మ నోట్లో దేవుడి పేరు ఆగకుండా నడుస్తోంది. గిన్నె ఖాళీ అయింది. అమ్మ కోటు అంచుతో మూతి తుడుచుకుని అంది.

"ఇంకొంచెం ఉందేమో అడుగు."

తర్వాత మెట్ల మీదే కూర్చుని మాట్లాడుకున్నారు. కింద మామ్మ చెప్పింది మనవరాలు ఇంగ్లీషులో చెబితే, నేను తెలుగులో అమ్మమ్మకి చెప్పాను. ఎండిన ఆ ముద్దల్నే ఉప్పునీళ్ళలో వేసి జాడీలో ఊరబెడతారట. నీళ్ళు సాస్ అవుతాయి, ముద్ద పేస్ట్ అవుతుంది. ఊరేటప్పుడు చెడ్డవేవీ దగ్గరికి రాకుండా మిరపకాయలు, బొగ్గులు కడతారు. ఇలా కట్టే తాడు వాళ్ళ ఊళ్ళో ఎప్పుడూ అటు పురే పేనుతారు. గడ్డి ఎక్కడిదంటే, హాలోవీన్ అయ్యాక గుమ్మడికాయల కొట్టువాడు పారేసింది. ఆ కాగితం పాదం కాదు, మేజోడు. చెడ్డది ఏదైనా జాడీ మీదకి వస్తే అందులోకి దూరి ఇరుక్కుపోతుంది. జాడీ పాడయితే ఆ ఏడు ఇంటికి మంచిది కాదట. కొట్టు కొత్తగా పెట్టుకున్నారు, అందుకే నిమ్మకాయలు చూసి ఆవిడ ప్రాణం పోయినంత పనయింది.

అమ్మమ్మ మెట్ల మీంచే జాడీని మరోసారి తేరిపార చూసింది. తర్వాత, "తడి గరిటె పెట్టచ్చా అడుగు" అంది.

అడిగాను. కింద మామ్మ రెండు చేతులూ ఊపేసి, చెంపలేసుకున్నంత పని చేసింది.

"అయితే మనలాంటి మనిషేనే" అంది అమ్మమ్మ. ఆవకాయ జాడీ దగ్గర ఆవిడ పెట్టే ఆంక్షలు మా ఇంట్లో అందరికీ తెలుసు. లేచి వెళ్ళి నిమ్మచెక్కలు తనే తీసి, పసుపు మరకలు తన పైటకొంగుతో తుడిచింది.

అమ్మ ఆవేళ నాకొక్కదానికే ఒక రహస్యం చెప్పింది. గొట్టం పక్కనుంచి ఆ వాసన వచ్చినప్పుడల్లా తనకి ఆకలేసేదట. అమ్మమ్మ తిడుతుంటే చెప్పడానికి సిగ్గేసిందట.

అప్పటినుంచి రోజూ కిందటేటి జాడీ పేస్టుతో పల్చటి చారు పైకి వచ్చేది. డాక్టరు కూడా, నిలుస్తోంది కదా, కానివ్వండి అన్నాడట. నెమ్మదిగా అన్నం నిలిచింది, తర్వాత పప్పు. కింద మామ్మకి ఆ పేస్టు అన్నిటికీ మందే. కడుపు ఉబ్బరానికి అదే, జలుబుకి అదే. దోసకాయ ముక్క దాంట్లో అద్దుకుని తినేది, పాలకూర ఉడికించి దాంతో కలిపేది. వేసవిలో నన్ను కందిరీగ కుడితే వేలితో ఇంత తీసి పులిమేసింది. నొప్పి తగ్గిందో లేదో చెప్పలేను, ఆ వాసనకి ఏడుపు మాత్రం ఆగిపోయింది. అమ్మమ్మ దాంతో చారు కాచి ఇంగువ పోపు పెట్టి కిందికి పంపింది. కింద మామ్మ తిని, తల పంకించి, ఏదో అంది. "చాలా కంపుగా ఉంది, కానీ మంచిది అంటోంది" అని మనవరాలు చెప్పింది. అమ్మమ్మ దానికి ఎంత మురిసిపోయిందో!

కానీ నా భయం తగ్గలేదు. అందరూ నవ్వడం మొదలుపెట్టాక కూడా నాకు దక్కదు అన్న మాటే వినిపించేది. నొప్పులొచ్చిన రోజు నాన్న, అమ్మమ్మ అమ్మని కార్‌లో తీసుకెళ్ళిపోయారు. నన్ను కింద వదిలారు. కింద మామ్మ ఎండకి జాడీ మూత తీసి పెట్టింది. నేను దాని పక్కనే చతికిలబడి, కాగితం మేజోడు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. వచ్చేది ఏదైనా సరే ఇందులోకే వెళ్ళాలి, మా అమ్మ దగ్గరికి వెళ్ళకూడదు అని దానికి చెబుతూనే ఉన్నాను. కింద మామ్మ నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంది.

అమ్మ ఇంటికొచ్చిన రోజు చేతుల్లో చెల్లెలుంది. మా గుమ్మానికి అడ్డంగా ఎదురుపురి గడ్డితాడు వేలాడుతోంది, బొగ్గులు, పైన్ కొమ్మలు గుచ్చి. ఆడపిల్ల పుడితే వాళ్ళకి అలా కట్టాలట. అమ్మమ్మ కళ్ళద్దాలు సవరించుకుని దాన్ని పరీక్షగా చూసింది. లోపలికి వెళ్ళి, ఒక నిమ్మకాయ తెచ్చి, ఆ తాడుకే కట్టింది.

ఆ తర్వాత మేము ఎడిసన్ వచ్చేశాం. ఇంకొన్నాళ్ళకి కింద వాళ్ళూ ఖాళీ చేశారని విన్నాం. ఆ ఇల్లు పడగొట్టారు. అమ్మమ్మ లేదు, నాన్న లేడు. కింద మామ్మ ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. తెలియకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

చెల్లెలు గిన్నె తెచ్చింది. "కొంచెమే వేశాను అక్కా. హాట్‌గా ఉంది, చూసుకో." చెల్లెలు పక్కన నిలబడింది, నేను చెంచా పట్టుకున్నాను. అమ్మ మొహం తిప్పుకోబోయి ఆగింది. ముక్కు కొద్దిగా కదిలింది. పెదవులు విచ్చాయి. నేను ఆవిడ గొంతు చూస్తూ కూర్చున్నాను, ఆ మెట్ల మీద చూసినట్టే. గుటక దిగింది. ఇంకోటి దిగింది. చెల్లెలు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

గిన్నె అడుగు కనపడ్డాక అమ్మ నా కేసి చూసింది. ఎన్నాళ్ళ తర్వాతో మాట వచ్చింది.

"కింద మామ్మని అడగవే, ఇంకొంచెం ఉందేమో."

ఈ ఇంట్లో కింద బేస్‌మెంట్ తప్ప ఏమీ లేదు. చెల్లెలు నా మొహం కేసి చూసింది. నేను గిన్నె పట్టుకుని లేచాను.

"అడిగి తెస్తానమ్మా" అన్నాను. వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన చారు స్టవ్ మీద పెట్టాను. అది వేడెక్కేదాకా గరిటె తిప్పుతూ అక్కడే నిలబడ్డాను.